బండి వెనక నిమ్మకాయలు

మీ ఇంట్లో నట్లు విప్పే పానాల డబ్బా ఉంటే ఇది చదవడానికి ముందే ఎవరైనా పెద్దవాళ్ల చేతికిచ్చి బీరువాలో పెట్టి తాళం వేయించండి. ఎందుకో మీకే తెలుస్తుంది. మా నాయన పరువును నట్టు నట్టుగా విప్పి, మా అమ్మ చేత చింతపండుతో తోమించి, ఆళ్లగడ్డ నడివీధిలో నిలబెట్టిన ఘనత నాది. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. అలవాటైపోయింది.

మాది నంద్యాలలో పూజా సామాన్ల అంగడి. పసుపు, కుంకుమ, కర్పూరం, సాంబ్రాణి, దేవుడికి కావలసినవన్నీ మా దగ్గర దొరుకుతాయి. అప్పుడు నేను చదువైపోయి, గల్లాపెట్టె దగ్గర కూర్చొని ఫోన్లో వీడియోలు చూసే వయసులో ఉన్నాను. ఆ వీడియోల్లో ఎవరెవరో ఇంటి దగ్గరే పాత కారును విప్పేసి, దాని ఇంజనూ గేర్లూ చక్రాలూ తీసి, కొత్తగా కొన్న బాడీకి బిగించి, టాపు లేని ముచ్చటైన కారు చేసుకుని తిరుగుతుంటారు. చూస్తుంటే ఎంత సులభమనుకున్నారు. గట్టి బోల్టు అన్నది ఆ వీడియోల్లో ఒక్కటీ ఉండదు.

మాకూ ఒక పాత కారుండేది. తెల్ల బండి అనేవాళ్లం. తెలుపు పోయి చాలా ఏళ్లయినా పేరు పోలేదు. నాయనకు అదంటే ప్రాణం. మా మేనమామకు అదంటే నవ్వు.

మామది ఆళ్లగడ్డ. కూతురు లత పెండ్లి కుదిరిందని చెప్పడానికి వచ్చి, అమ్మ ఇచ్చిన కాఫీ తాగుతూ మొదలుపెట్టినాడు.

"బావా, పెండ్లికి ఆ తెల్ల బండిలో మాత్రం రావొద్దప్పా. నేనే కారు పంపిస్తా. బెలుం గుహలకు పోయినప్పుడు కొలిమిగుండ్ల కాడ అది మమ్మల్ని మోసిందో, మేం దాన్ని తోసినామో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. మీ అంగట్లో సాంబ్రాణికి లేని పొగ దానికుండాది."

నాయన గ్లాసు కింద పెట్టి, కిటికీలోంచి బండి వైపు చూశాడు. ఆ చూపు నాకు గుచ్చుకుంది. గుచ్చుకుంటే గుచ్చుకుంది, నోరు మూసుకుని కూర్చోవచ్చు కదా. కూర్చోలేదు.

"మామా, ఆ బండినే విప్పి కొత్త బండి చేస్తాండా. టాపు లేని కారు. లత పెండ్లి మెరవణి దాంట్లోనే" అన్నాను.

మామ నాకేసి చూడనైనా చూడలేదు. నాయనను అడిగాడు. "ఏం బావా, నిజమేనా?"

నాయనకు ఈ సంగతి అప్పుడే తెలిసింది. అయినా మొహంలో ఏమీ కనపడనీయలేదు. "వాడు చెప్పినాడు కదా. మెరవణి బండి మాది."

"మాటేనా?"

"మాటే."

బేరమైపోయాక నాయన మాట మార్చడం నేను పుట్టి ఎరగను. ఇంజను లేదు, చక్రం లేదు, బండి పేరు ఐరావతం అన్నట్టు, ఇంకా ఒక్క బోల్టు కూడా విప్పని కారుకు ఆళ్లగడ్డలో మెరవణి, అదే పెండ్లి ఊరేగింపు, ఖాయమైపోయింది. మామ పోయినాక నాయన నన్ను పిలిచి ఒకే ఒక్క మాటన్నాడు. "ఏమన్నా చేసుకో. స్టీరింగ్ మాత్రం అదే పెట్టల్ల. నా చెయ్యి దానికి అలవాటైపోయింది."

కోయంబత్తూరు నుంచి ఫైబర్ బాడీ లారీలో దిగింది. ఎర్రటిది, నిగనిగలాడేది. ఇక పాత బండిని విప్పడమే తరువాయి. తోడుకు నా స్నేహితుడు ఖాజా వచ్చాడు. సెల్లు ఫోన్లు బాగుచేసే అంగడి వాడిది.

"కారు కూడా ఫోను మాదిరేనప్పా, కొంచెం పెద్దది, అంతే" అన్నాడు ఖాజా. "విప్పేది పెద్ద విద్యేం కాదు. మా ఇంట్లో గోడ గడియారం నేనే విప్పినా."

"మళ్లా బిగించినావా?"

"అది వేరే సంగతి."

ఇంటి వెనక దొడ్లో పని మొదలుపెట్టాం. తలుపులు, సీట్లు, ఇంజను, గేరుపెట్టె, వెనక యాక్సిలు, దాని లోపలి పళ్ల చక్రాలు కూడా, అన్నీ ఊడదీశాం. యాక్సిలు లోపలికి ఎందుకు పోయారని అడగకండి. విప్పడం మొదలుపెట్టినవాడికి ఆపడం తెలీదు. బండి విప్పగానే పండగ కాదని నాకు ఎవరూ చెప్పలేదు. అసలు కొంప ముంచింది పండగే, ఆ ముచ్చటకు ఇప్పుడే వస్తాను.

ఇన్ని సామాన్లలో ఏది ఎక్కడిదో గుర్తుండాలి కదా. కాగితం అంటిస్తే గ్రీజుకు జారిపోతోంది. పెన్నుతో రాస్తే చెరిగిపోతోంది. పెయింటు కొందామన్నాడు ఖాజా. అప్పుడు నా బుర్రలో లైటు వెలిగింది. ఆ లైటు వెలగకుండా ఉంటే ఎంత బాగుండేదో.

"పెయింటెందుకప్పా? అంగట్లో చినిగిపోయిన పసుపు, కుంకుమ పొట్లాలు ఎన్నుండాయో తెలుసునా? గ్రీజు మీద కుంకుమ పెడితే చచ్చినా ఊడదు. ఎడమ పక్కవాటికి పసుపు బొట్టు, కుడి పక్కవాటికి కుంకుమ బొట్టు. ముందరివాటికి ఒకటి, వెనకవాటికి రెండు."

"సీనా, నువ్వు ఇంజనీరు కావాల్సినోడివి" అన్నాడు ఖాజా. నేను కాదనలేదు.

దొడ్డి నిండా సామాన్లు పరిచాం. అమ్మకు బట్టలుతికే బండ దగ్గరికి పోవాలన్నా దారి లేకుండా పోయింది. "ఇంకా ఎన్నాళ్లురా ఈ ఇనుము?" అని అడిగినప్పుడల్లా "ముట్టుకోవద్దుమా, అన్నిటికీ లెక్కుండాది" అనేవాణ్ణి. ముట్టుకోవద్దన్నాను గానీ ఎందుకు ముట్టుకోకూడదో చెప్పలేదు. చెప్పినా అర్థం కాదనుకున్నాను, నా పొగరు అట్లాంటిది.

అంతలో ఆయుధ పూజ వచ్చింది. ఏడాదంతటిలో మా అంగట్లో ఊపిరి తీసుకోవడానికి కూడా తీరిక లేనిది ఆ ఒక్కరోజే. తెల్లవారుజామునే నేనూ నాయనా అంగడికి పోయాం. ఒకాయన వచ్చి, "ట్రాక్టరుకు ఒక్కదానికి పెడితే చాలదా?" అని అడిగాడు.

"చాలదన్నా" అన్నాను నేను, ఇంకో పొట్లం అంటగడుతూ. "ఇంట్లో ఇనుమన్నది ఏదుంటే దానికంతా బొట్టు పెట్టల్ల. కడిగి పెట్టల్ల. మురికి మీద పెడితే పుణ్యం రాదు."

చూశారా, ఆ నోరు నాదే. అదే పొద్దు, అదే గడియలో, అవే మాటలు మా ఇంటి దొడ్లో నిజమవుతున్నాయి. పాతికేళ్లుగా ప్రతి ఏడూ కత్తిపీటతో సహా అన్నిటికీ బొట్టు పెట్టే మా అమ్మ, దొడ్డి నిండా ఉన్న ఇనుమును వదిలేస్తుందని నేనెట్లా అనుకున్నానో నాకే తెలీదు. అనుకోవడం కాదు, ఆ ఆలోచనే రాలేదు.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చి దొడ్డి తలుపు తీశాను. కళ్లు చెదిరాయి. ప్రతి సామానూ చింతపండు, బూడిద పెట్టి తోమింది. పెద్దవి వెనక, చిన్నవి ముందర, బొమ్మల కొలువు మాదిరి వరసగా పేర్చింది. అన్నిటికీ మూడు వేళ్ల పసుపు, మధ్యలో గుండ్రటి కుంకుమ, నెత్తిన ఒక బంతిపువ్వు.

"ఏందిమా ఇది?"

"ఆయుధ పూజ. కనపడలేదా?"

"బొట్లు యాడమ్మా?"

"పెట్టినా కదా. ఒక్కదానికి గూడా తప్పలేదు. పక్కింటి లక్ష్మక్క గూడా వచ్చి సాయం చేసింది."

"నేను పెట్టిన బొట్లు."

"అవా? అవేం బొట్లు నాయనా, చెంపకొకటి, మెడకొకటి. మొగోళ్లు పెడితే అట్లే ఉంటాది. అన్నీ కడిగి సరిగ్గా పెట్టినా."

అమ్మ నా మొహం చూసి, సంతోషం పట్టలేక అట్లున్నాననుకుని, ఒక బెల్లం ముక్క నా నోట్లో పెట్టింది.

ఆ సాయంత్రం ఖాజా వచ్చి, కొలువు చుట్టూ ఒకసారి తిరిగి, చెప్పులు విడిచి దండం పెట్టుకున్నాడు. "ఇంక దేవుడే దిక్కు సీనా" అన్నాడు. "మీ దేవుడైనా సరే, మా దేవుడైనా సరే."

నాయనకు చెప్పడానికి ధైర్యం చాల్లేదు. రోజూ అంగడి మూసి వచ్చి దొడ్లోకి తొంగి చూసి, "అవుతాందా?" అనేవాడు. "అవుతాంది నాయనా" అనేవాణ్ణి. ఎడమేదో కుడేదో తెలీక, ఒకదానికొకటి పట్టినవన్నీ సరైనవేనని బిగించేశాం. చివర్లో దోసెడు బోల్టులు మిగిలాయి. "ఎందుకైనా మంచిదని కంపెనీవాళ్లే ఎక్కువ వేసింటారు" అన్నాడు ఖాజా. నాకూ అదే సబబనిపించింది.

పెండ్లి ముందు రోజు పొద్దున బండిని వీధిలోకి తోశాం. ఎర్రటి బండి, పాత స్టీరింగ్. నాయన తన కండువాతో ఆ స్టీరింగ్ తుడిచాడు. అమ్మ ముందర చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి హారతిచ్చింది. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. వీధి నిండా పొగ. నేను ఒకటో గేరు వేసి క్లచ్చి వదిలాను.

బండి వెనక్కి పోయింది.

పొరపాటున రివర్సు పడిందేమోనని రెండో గేరు వేశాను. ఇంకా తొందరగా వెనక్కి పోయింది. మూడోది వేస్తే లక్ష్మక్క గోడ దగ్గరికొచ్చి ఆగింది. రివర్సు వేస్తే మాత్రం కీచుమంటూ ముందుకు కదిలింది. ఖాజా తెలిసిన షెడ్డువాడికి ఫోను చేశాడు. యాక్సిలులో పెద్ద పళ్ల చక్రం ఎడమ పక్కది కుడి పక్కకు పోయింటుందని, అందుకే చక్రాలు ఎదురు తిరుగుతున్నాయని, మళ్లీ అంతా విప్పాలని, అదీ రెండు మూడు రోజుల పనని ఆయన నవ్వు ఆపుకుంటూ చెప్పాడు. మెరవణి మరునాడు.

నిమ్మకాయలు ముందర అట్లే ఉన్నాయి, నలగకుండా.

"నిమ్మకాయ తొక్కకుండా పోతే అపశకునం కదరా" అంది అమ్మ.

నేను తల వంచుకుని నిలబడ్డాను. నాయన ఇప్పుడు మామకు ఫోను చేసి మాట వెనక్కి తీసుకోవాలి. జీవితంలో మొదటిసారి, నా వల్ల. ఏడుపొచ్చింది. నాయన కాసేపు బండిని చూశాడు, నన్ను చూశాడు. తర్వాత వంగి ఆ రెండు నిమ్మకాయలు ఏరి, వెనక చక్రాల వెనక పెట్టాడు.

"ఇప్పుడు తోలు" అన్నాడు. నిమ్మకాయలు చితికాయి. "శకునం అయిపోయింది. ముందుకు పోయేది ఒకటుండాది కదా, దాంతోనే పోదాం పదా."

ఆ ఒక్క గేరుతో నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయాం. దారి పొడుగునా బండి పందిపిల్లలా అరుస్తూనే ఉంది. శిరివెళ్ల దగ్గర వడ్ల మూటల ట్రాక్టరు ఒకటి మమ్మల్ని దాటిపోతూ, "ఏమన్నా, తాడు కట్టల్నా?" అని అడిగింది. ట్రాక్టరు కాదు, దాని డ్రైవరు. నాయన నేరుగా ముందుకే చూస్తూ కూర్చున్నాడు.

ఆళ్లగడ్డలో మామ ఇంటి ముందుకు రాగానే లోపల టప్పుమని ఏదో విరిగింది. ఆ ఒక్క గేరూ పోయింది. ఇక ఎన్నున్నా అన్నీ వెనక్కే.

మరునాడు సాయంత్రం మేళగాళ్లు వచ్చేశారు. మామ బండి చుట్టూ తిరిగి, "బాగుండాదే" అన్నాడు, కొంచెం ఏడుపుగానే. నేను నాయనను పక్కకు పిలిచి, ముందుకు పోయే ఆ ఒక్క గేరూ విరిగిందని అప్పుడు చెప్పాను. నాయన, బండి మీద సోఫా కట్టి పూలు చుట్టడానికి వచ్చినవాణ్ణి పిలిచాడు.

"సోఫాను తిప్పి కట్టప్పా. పెండ్లికూతురు, పెండ్లికొడుకు వెనక్కి చూస్తా కూర్చోవల్ల. బండి వెనకనే ముందర."

"అదేం పద్ధతి సామీ?"

"కొత్త పద్ధతి."

మెరవణి కదిలింది. మేళగాళ్లు ముందు, తర్వాత బండి వీపు, దాని మీద లత, పెండ్లికొడుకు. మెడ నూట ఎనభై డిగ్రీలు తిప్పుకుని నేను. సోఫా అడ్డంగా ఉంది కాబట్టి నాకు దారి కనపడదు. నాయన పట్టుపంచె ఎగ్గట్టి బండి వీపుకు పక్కగా, నాకు కనపడేట్టు నడుస్తూ చేతులు ఊపుతున్నాడు. "రానీ, రానీ... కుడికి కొట్టు... చాలు, రానీ."

అసలు ముచ్చట ఇంకోటుంది. బండి వెనక్కి పోతుంటే పొగగొట్టం ముందర ఉంటుంది కదా. మామ ఇన్నాళ్లు ఎగతాళి చేసిన పొగ, తెల్లగా దట్టంగా లేచి, దీపాల వెలుతురులో పెండ్లి జంటను కప్పేసింది. లత దగ్గుతోంది. కానీ మిద్దెల మీద నిలబడిన జనానికి దగ్గు వినపడదు కదా.

"పొగలోంచి దేవుళ్ల మాదిరి వస్తాండారే" అంది ఒక ముసలమ్మ, చేతులు జోడించి.

మామ పక్కన నడుస్తున్న పెద్దమనిషి అడిగాడు. "ఆ పొగ మిషను యాడ తెప్పించినావప్పా?"

మామ మీసం సవరించుకుని, "మా బావదిలే" అన్నాడు.

మెరవణి మండపం చేరింది. ఎవరూ గుద్దుకోలేదు, ఏదీ విరగలేదు. నా మెడ తప్ప. జనం పలుచబడ్డాక మామ మెల్లగా నాయన దగ్గరికి వచ్చాడు.

"బావా, నిజం చెప్పు. ఈ బండి ముందుకు పోదు కదా?"

నాయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ముందుకు అందరి బండ్లూ పోతాయిలే బామ్మర్దీ."

మామ నవ్వడం మొదలుపెట్టి ఎంతకీ ఆపలేదు. నాయన కూడా నవ్వాడు. నేను మాత్రం మెడ తిప్పలేక వేరే వైపు చూస్తూ నవ్వాను. ఆ తర్వాత ఆ వీధి వాళ్లే ఇద్దరు, తమ ఇండ్లల్లో పెండ్లికి వెనక్కి పోయే బండి కావాలని నాయనను అడిగారు. నాయన సరే అన్నాడు. మాట ఇచ్చేశాడు కాబట్టి ఆ బండిని బాగుచేయించే దారి కూడా మూసుకుపోయింది.

అందుచేత, మా అంగట్లోని పసుపు మీద, కుంకుమ మీద, మిగిలిపోయిన ఆ దోసెడు బోల్టుల మీద ప్రమాణం చేసి చెప్తున్నాను. ఈ జన్మలో మళ్లీ పానా పట్టను. టార్చిలైటు మూతైనా సరే, విప్పను. ఎవరైనా విప్పుతుంటే దగ్గర నిలబడను.

మొన్న ఆయుధ పూజ నాడు ఈ ఒట్టును ఇంకోసారి, బండి ముందర నిలబడి, చేతిలో కర్పూరం వెలిగించి, గట్టిగా పెట్టుకున్నాను. అమ్మ పళ్లెం పట్టుకుని వచ్చింది.

"ఒట్లన్నీ తర్వాత పెట్టుకుందువు గానీ, పక్కకు జరుగు" అంది. "వెనక్కి పోయి నిమ్మకాయలు పెట్టల్ల."