మంచునీళ్ళు తాగిన రేడియేటర్

రఘువీర్ మయేకర్ ఇరవై రెండేళ్ళుగా రత్నగిరి రేవు నుంచి కొల్హాపూర్‌కి చేపలు తోలుతున్నాడు. అంబా ఘాటు రోడ్డులో ప్రతి మలుపూ అతనికి తెలుసు. తెలియనిది రేడియేటర్ ఒక్కటే.

కొల్హాపూర్‌లో సరుకు దించుకునే శేవంతాబాయి పోయిన వారమే తేల్చి చెప్పింది: "ఇంకొక్కసారి పదిన్నర దాటితే మీ రేవులోని ఆ కుర్రాడు ఘాగ్ బండి మాట్లాడుకుంటా."

ఆ బుధవారం పొద్దున ఘాటు మూడో మలుపులోనే వేడి ముల్లు ఎర్రగీత దాటింది. బండి పక్కకు లాగి ఇంజను ఆపాడు. వెంటనే మూత ముట్టుకోలేదు. ముంజేతి మీది కాలిన మచ్చ నేర్పిన బుద్ధి అది. బెల్టు బిగువుగానే ఉంది, గొట్టాలు కారడం లేదు. ఇంజను చల్లబడ్డాక తడిగోనె వేసి మూత తిప్పాడు. చేపల పెట్టెల కింద కారిన మంచునీళ్ళు డబ్బాతో పట్టి పోశాడు. రేవు డ్రైవర్లందరూ చేసేదే. ఊరికే చల్లని నీళ్ళు దొరుకుతుంటే కూలెంట్ కొనేవాడు వెర్రివాడని వాళ్ళ నమ్మకం.

రెండు మలుపులు ఎక్కేసరికి ముల్లు మళ్ళీ లేచింది. ఇక లాభం లేదని బండి వెనక్కి తిప్పి, మెల్లగా దిగువకు దింపి సాఖర్పాలో మెకానిక్ హనీఫ్ షెడ్డుకి చేర్చాడు.

హనీఫ్ కింది బిరడా విప్పాడు. గోధుమరంగు బురద, దాంతోపాటు నీచు కంపు.

"ఇది రేడియేటరా దాదా, ఎండుచేపల బుట్టా?"

"చల్లని నీళ్ళే కదయ్యా పోసింది."

"చల్లనివే. ఉప్పువి కూడా. లోపల సన్నగొట్టాలు సగం పూడిపోయాయి. నీళ్ళు తిరగడానికి దారి లేకపోతే ఎన్ని పోసి ఏం లాభం?"

"కడిగెయ్. పావుగంటలో పోవాలి."

"విప్పి, కడ్డీతో పొడవాలి. సాయంత్రమవుతుంది. ఇలాగే ఎక్కించావో, ఇంజను హెడ్డు వంకరపోతుంది. అప్పుడు నా దగ్గరికి రాకు, పాత ఇనుము వాడి దగ్గరికి పో."

అంతలో రోడ్డు మీద ఘాగ్ బండి ఆగింది. వెనక ఆరు పెట్టెలే ఉన్నాయి.

"ఏం కాకా, పులుసు పొయ్యి మీదే పెట్టేశావా?"

రఘువీర్ లెక్క వేసుకున్నాడు. సరుకు ఇతనికిస్తే తన పని తన చేత్తో అప్పజెప్పినట్టే. ఇవ్వకపోతే మంచు కరిగి చేప మెత్తబడుతుంది. పెట్టెల వైపు ఒకసారి చూశాడు.

"చోటుంది కదా. నావి కూడా ఎక్కించు."

ఘాగ్ నవ్వు ఆపి దిగాడు. ఇద్దరూ పెట్టెలు మార్చారు. బండి కదిలాక రఘువీర్ శేవంతాబాయికి ఫోన్ చేసి, ఏ నీళ్ళు పోశాడో కూడా దాచకుండా చెప్పాడు. ఆమె "ఊఁ" అని పెట్టేసింది.

పదిన్నర దాటాక ఆమే చేసింది.

"సరుకు గట్టిగానే ఉంది. ఘాగ్ ఇక్కడే నిలబడి నీ పని అడుగుతున్నాడు."

"ఇచ్చేశావా?"

"శుక్రవారం దాకా అతను తోలతాడు. శనివారం నీ బండి ఘాటెక్కి వేళకొస్తే నువ్వు. రాకపోతే అతనే."

రఘువీర్ చొక్కా విప్పి మేకుకి తగిలించి, హనీఫ్ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఆ కడ్డీ ఇటివ్వు. పై వరస నేను పొడుస్తా."