సరోజ చిన్నమ్మ వేసిన పెట్టెల ముగ్గు

మా చిన్నప్పుడు... పోదనూరు రైల్వే కాలనీ వెనక వీధిలో ఉండేవాళ్ళం. పొద్దున్నే అందరికీ కాఫీ పోసేది సరోజ చిన్నమ్మ, మా అమ్మ చెల్లెలు. ఒకరోజు ఆమె పోసిన కాఫీ టంబ్లరులో పడలేదు... పక్కన నేల మీద పడింది.

అంతకు కొన్నాళ్ళ ముందే, పెళ్లి ఊరేగింపులో టపాకాయ రవ్వ తగిలి ఆమెకు ఒక కన్ను పోయింది. మిగిలిన కంటితో అన్నీ కనిపించేవి. ఏది ఎంత దూరంలో ఉందో మాత్రం తెలిసేది కాదు. సూది పక్కనుంచి దారం పోయేది. వాకిలి మెట్లు దిగబోతే కాలు గాల్లోనే ఆగిపోయేది.

అవ్వ జాలితో ఒక్కో పనీ ఆమె చేతిలోంచి తీసేసుకుంది... ముగ్గు కూడా. వీధి మొత్తానికీ బాగా ముగ్గు వేసే మనిషి, కిటికీ దగ్గర కూర్చుండిపోయింది.

ఆ రోజుల్లోనే బడిలో డ్రాయింగ్ సార్ మాకు స్కేలు పెట్టి పెట్టెలు గీయడం నేర్పారు. మూడు వాలు గళ్ళు కలిపితే ఒక పెట్టె. పెట్టె మీద పెట్టె... కాసేపు చూస్తే అవే లోపలికి పోయిన గూళ్ళలా కనిపించేవి. ఆ కాగితం తెచ్చి చిన్నమ్మకు ఇచ్చాను.

చాలాసేపు చూసింది.

"ఇది పల్లమా, మెట్టా కణ్ణూ?" అంది. మా ఇళ్ళలో పిల్లల్ని ముద్దుగా అలాగే పిలుస్తారు.

"రెండూనూ చిన్నమ్మా. నీకూ మారుతా ఉందా?"

"మారుతా ఉంది... నీకు ఎట్లనో నాకూ అట్లనే."

కాగితం మడిచి కొంగున ముడేసుకుంది.

మర్నాడు పొద్దున్నే పిండి గిన్నె పట్టుకుని, గోడ ఆసరాతో మెట్లు దిగింది. అవ్వ అడ్డుపడితే, "పరవాలే, వదులమ్మా" అంది. వేలు నేలకు ఆనించి దూరం తెలుసుకుంటూ, చుక్కలు లేకుండా, ఒట్టి గీతలతోనే వాకిలంతా పెట్టెలు పేర్చింది.

పాలాయన సైకిలు దిగి నిలబడిపోయాడు. "ఏమ్మా, ఈడ గుంత తవ్వినారా?" అంటూ చుట్టు తిరిగి వచ్చాడు.

చిన్నమ్మ నవ్వింది. కన్ను పోయాక ఆమె నవ్వడం మేము చూసింది అప్పుడే...

తర్వాత మెట్ల అంచులకు కూడా తెల్లగా గీతలు గీసుకుంది. వాటిని చూసుకుంటూ దిగి, ఆ వారమే ఒక్కతే సంతకు పోయింది. తలలో మల్లెపూలతో తిరిగొచ్చింది.

చిన్నమ్మ ఇప్పుడు లేదు. గాంధీపురంలో మా ఫ్లాటు ముందు ప్లాస్టిక్ ముగ్గు అంటించి ఉంది. చెరగదు, మారదు... ఇవాళ ఏం వేసిందో చూద్దామని నిద్రకళ్ళతో వాకిట్లోకి పరిగెత్తే పొద్దులే లేకుండా పోయాయి.

మీ వాకిట్లో ముగ్గు వేసిన చేతులు ఎవరివి? ఇక్కడ రాయండి... కూర్చుని చదువుకుంటాను.