ఎంపిక పోటీలకు ముందు తొమ్మిది రోజులు

నాకు ఇరవై ఆరేళ్లప్పుడు కుడి కంట్లో నల్లటి చుక్కలు కనబడడం మొదలైంది. అప్పటికి ఒక ప్రభుత్వ రంగ సంస్థ తరఫున టేబుల్ టెన్నిస్ ఆడుతూ ఏడేళ్లయింది. పొద్దున ఆఫీసులో సంతకం, తర్వాత సాయంత్రం దాకా ఆటే నా ఉద్యోగం. చుక్కలు అలసటవల్లే అనుకున్నాను. చిన్నప్పటినుంచీ మందపాటి అద్దాలే గనుక కళ్ల గురించి పెద్దగా పట్టించుకునేదాన్ని కాదు.

తేడా మొదట కనిపెట్టింది మా నాయన. మేముండే తమిళ ఊళ్లో, ముదలియార్‌పేటలో, ఆయన పనిచేసిన మిల్లు కార్మికుల సంఘం హాల్లో ఒక పాత బల్ల ఉంది. దాని మీదే నాకు బ్యాట్ పట్టుకోవడం నేర్పాడు ఆయన. మిల్లు మూతపడ్డాక కూడా ఆదివారాలు అక్కడే నాకు బంతులు వేసేవాడు. ఆ ఆదివారం కుడిపక్కకు వేసినవి వరసగా నాలుగు వదిలేశాను. ఐదో బంతిని ఆయన చేతిలోనే ఉంచుకున్నాడు.

"ఏంది పాపా, బంతి కనపడలేదా?"

"కనపడతా ఉంది నాయనా. ఆలస్యంగా కనపడతా ఉంది."

మర్నాడే కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ కంట్లో చుక్కల మందు వేసి చాలాసేపు చూసింది. కంటి వెనకాల పొర చిరిగి ఊడిపోతోందనీ, రేపే ఆపరేషన్ చెయ్యాలనీ తమిళంలో నెమ్మదిగా చెప్పింది. అంతవరకూ ఎగరకూడదు, పరిగెత్తకూడదు, తల విదిలించకూడదు అంది. భారత జట్టు శిబిరానికి ఎంపిక పోటీలు తొమ్మిది రోజుల్లో ఉన్నాయి. అంతకుముందు రెండుసార్లు ఒక్క మ్యాచ్ తేడాతో ఆ అవకాశం తప్పిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు నిండా జనం. మా ఇంటి తెలుగు చుట్టుపక్కల ఎవరికీ అర్థం కాదు గనుక నాయన గొంతు తగ్గించకుండానే అడిగాడు.

"తొమ్మిది దినాలే గదా పాపా. అయిపోయినాక చేసుకుంటే?"

"డాక్టరమ్మ రేపే అనింది గదా."

"అనింది. నీకేం తోస్తా ఉంది?"

నిజానికి ఆయన ఆ మాట ఎత్తాలనే ఎదురుచూస్తున్నాను. "ఆడతా నాయనా" అన్నాను.

మా సంస్థ కోచ్‌కు చెప్పలేదు. చెబితే ఆడనివ్వడని ఇద్దరికీ తెలుసు. కంటి అడుగున ఒక నీడ మొదలై, రోజూ కొంచెం పైకి పాకుతూ వచ్చింది. తల తిప్పకుండా బల్లకు ఓరగా నిలబడి ఆడడం నాయన నాకు అలవాటు చేయించాడు.

ఎంపిక పోటీల్లో మొదటి రెండు మ్యాచ్‌లు గెలిచాను. మూడోదాంట్లో, నాలుగో గేములో, నేను ముందంజలో ఉండగా నీడ కంటి మధ్యకు వచ్చేసింది. అవతలి అమ్మాయి ముఖం వంకరగా కనబడింది. బంతి ఎంత దూరంలో ఉందో తెలియలేదు. ఒకటి నేరుగా వచ్చి ఛాతీకి తగిలింది. చూస్తున్నవాళ్లలో ఎవరో నవ్వారు. నేను ఆగలేదు, నాయన కూర్చున్నచోటి నుంచి లేవలేదు. ఆ గేమూ ఐదోదీ ఓడిపోయాను.

మర్నాడు ఆపరేషన్ జరిగింది. కట్టు విప్పినప్పుడు వెలుతురు తెలిసింది. అంతకుమించి ఏమీ లేదు. నాయన చేతులు కట్టుకుని డాక్టరమ్మను అడిగాడు, తన కన్ను తీసి పాపకు పెట్టడానికి వీలవుతుందా అని. ఆ పొరను మార్చడం ఎవరి వల్లా కాదని ఆమె చెప్పింది. తొమ్మిది రోజుల ముందే చేసుంటే, అని మొదలుపెట్టి, ఆయన ముఖం చూసి ఆపేసింది.

ఆఫీసులో నన్ను జట్టులోంచి తీసి ఫైళ్ల సెక్షనుకు మార్చారు. కాఫీ గ్లాసులో పోయబోతే బల్ల మీద పడేది. మెట్లు దిగాలంటే గోడ పట్టుకునేదాన్ని. ఒక మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి పెరట్లో నాయన కుడి కన్ను అరచేత్తో మూసుకుని, గోడకు బంతి కొట్టి పట్టుకోవడానికి చూస్తున్నాడు. ప్రతిసారీ అది వేళ్ల పక్కనుంచి పోతోంది.

"ఆడతానని చెప్పింది నేనే గదా నాయనా" అన్నాను.

"అడిగింది నేను గదా" అన్నాడు, చెయ్యి తియ్యకుండానే.

ఆయన మళ్లీ ఆ హాలుకు వెళ్లలేదు. నా ఎడమ కంటి పొర కూడా పలచగా ఉందట, ఆర్నెల్లకోసారి రమ్మంటారు. నాయన ఆసుపత్రి దాకా వచ్చి గేటు దగ్గరే నిలబడిపోతాడు. పోయినసారి ఆ కంటికి లేజరు పెట్టాలన్నారు. అప్పుడే పెట్టేయమన్నాను. లేజరు పెట్టించుకుని బయటికి వచ్చాక అంతా బాగుందని నాయనతో చెప్పాను. ఇద్దరం బస్సెక్కాం.