నాన్న రాయని పద్యం

ఎండుమిరపకాయల ఘాటు తగిలితే నాకిప్పటికీ మా నాన్న పాళీకలం గుర్తొస్తుంది.

నాన్న పర్చూరు దగ్గర ఓ పల్లెలో తెలుగు మాస్టారు. ఊళ్లో ఎవరు పోయినా పెద్దకర్మనాటికి వాళ్లమీద ఓ పద్యం రాసి, అందరిముందూ నిలబడి చదివేవాడు. చదువుతున్నంతసేపూ జనం ఏడ్చేవాళ్లు. అయిపోగానే కళ్లు తుడుచుకుని భోజనాలకు లేచేవాళ్లు. అది చూసీ చూసీ, పద్యం చదివాకే మనిషి నిజంగా పోయినట్టని ఎనిమిదేళ్ల నేను అనుకున్నాను.

ఆ ఎండాకాలం అమ్మ పోయింది. పెద్దకర్మకు ముందురోజు నాన్న కలం పట్టుకెళ్లి, ఏడాది కారానికని అమ్మ పెరట్లో ఆరబోసిన మిరపకాయల అడుగున దాచేశాను.

మర్నాడు దర్జీ మస్తాను ఉండబట్టలేక అడిగాడు.

"మా అమ్మకి అంత బాగా రాశారు గదండీ మాస్టారూ, అమ్మగారికి రాయలేదా?"

"కలం కనపళ్లేదయ్యా" అన్నాడు నాన్న.

పద్యం లేకుండానే అందరూ భోజనాలకు లేచారు. అమ్మ ఇంకా పోలేదన్న ధీమాతో నేను మాత్రం కడుపునిండా తిన్నాను.

సాయంత్రం మిరపకాయలు తిరగేస్తుంటే కలం నాన్న చేతికి తగిలింది. మంటకి ఎర్రబడ్డ నా వేళ్లవైపు చూశాడు. కలాన్ని మళ్లీ లోపలికి తోసి, పైన గుప్పెడు కాయలు కప్పాడు.

నాన్న సొరుగులో మరో రెండు కలాలు ఎప్పుడూ ఉండేవి. ఆ సంగతి నాకు తట్టేసరికి, ఆయనమీద నేను పద్యం రాయాల్సిన రోజు వచ్చేసింది.