కూరల సంచీ మోసిన ఇంజనీరు

మా ఆయన రాధాకృష్ణ ఇల్లినాయ్‌లో నలభై వంతెనలు డిజైన్ చేశారు. ఒక్కటీ కూలలేదు. అయినా సరే, మా ఇంట్లో ఆయనకు కూరగాయలు ఏరే అధికారం లేదు. పెళ్ళైన కొత్తలో, 1978లో, షికాగో వెళ్ళి రెండు పౌండ్ల బెండకాయలు తెచ్చారు. అన్నీ ముదురే. కత్తి దిగితే ఒట్టు. ఆ కథ నేను మా ఊరు అరోరాలో ప్రతి విందులోనూ చెప్పాను, ఆయన ప్రతిసారీ నవ్వారు. అప్పటినుంచి ఏరడం నాది, సంచీ మోయడం ఆయనది. అందులో నాకు తప్పేమీ కనబడలేదు.

రిటైరయ్యాక ఆయనకు ఫ్రాన్స్ పల్లెటూళ్ళ పిచ్చి పట్టింది. అక్కడ మన సంతల్లాగే ఒక్కో ఊళ్ళో ఒక్కో రోజు బజారు పెడతారట. లైబ్రరీలో ఫ్రెంచి క్లాసుకు వెళ్ళి, ఏ రోజు ఏ ఊరో పట్టిక గీసి ఫ్రిజ్ మీద అంటించారు. ఈ మనిషికి పారిస్ అక్కర్లేదు.

"ఒక్కసారైనా సంతలో నేనే ఏదైనా కొనాలని ఉంది ఉమా," అన్నారు. నేను నవ్వేశాను. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

2012 జూలైలో వెళ్ళాం. మంగళవారం మొదటి ఊరు. చర్చి ముందు రాళ్ళు పరిచిన కూడలి, గొడుగుల కింద బుట్టలు. ఒక పెద్దావిడ దగ్గర బీన్స్ చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నా చేయి ఊరుకుంటుందా! ఒకటి తీసి విరిచాను. లేతదే. ఇంకోటి విరిచాను. మూడోది విరిచేలోగా ఆవిడ దాన్ని లాక్కుని, అందరూ తిరిగి చూసేలా కేకలేసింది.

"ఏమంటోందండీ?"

"ముట్టుకోకూడదట. ఏం కావాలో చెబితే తనే ఏరి ఇస్తుందట."

"ఆవిడ ఏరేటట్టయితే ఇక నేనెందుకు? పదండి, రేపు ఇంకో ఊళ్ళో చూద్దాం."

బుధవారం ఇరవై మైళ్ళు వెళ్తే, అక్కడా ఆవిడే! అమ్మేవాళ్ళు కూడా రోజుకో ఊరు తిరుగుతారని పట్టిక గీసిన మనిషికైనా తట్టలేదు. నన్ను చూసి బుట్టల మీద చేతులు అడ్డం పెట్టింది. గురువారం మూడో ఊళ్ళో పక్కవాళ్ళు కూడా బీన్స్ వెనక్కి జరిపేశారు. ముప్పై ఏళ్ళు డాక్టరుగా పనిచేశాను, ఇంత అవమానం ఎన్నడూ ఎరగను. విసవిసా వెళ్ళి కార్లో కూర్చున్నాను.

"పోనీ, నేను ట్రై చేయనా?" అన్నారాయన.

"మీ ఇష్టం."

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని ఆవిడ ముందు నిలబడ్డారు. ఆవిడేదో అడిగింది, ఈయనేదో చెప్పారు. ఆవిడ ఖర్బూజాలు ఒక్కొక్కటీ ఎత్తి వాసన చూసి, చివరికి ఒకటి ఇచ్చింది.

"ఎప్పుడు తింటారని అడిగింది. ఇవాళ లంచ్‌కి అన్నాను," అన్నారు కారెక్కుతూ.

మధ్యాహ్నం కోసుకుని తిన్నాం. వంక పెట్టడానికి చాలా వెతికాను, దొరకలేదు. ఆయన మొహం వెలిగిపోతుంటే చూడలేక, "ఏరింది ఆవిడ కదా," అన్నాను. ఆయన తొక్కలు పారేయడానికి లేచారు. నా నోటి మీద నాకే కోపమొచ్చింది.

అరోరా తిరిగొచ్చాక మొదటి శనివారం ఫార్మర్స్ మార్కెట్‌లో బెండకాయలు కనబడ్డాయి. ఆయన అలవాటుగా సంచీ తెరిచి పట్టుకున్నారు. ఆ సంచీ నేను లాక్కుని, "మీరు ఏరండి," అన్నాను.

"ఆర్ యూ ష్యూర్?"

చేతులు వెనక్కి కట్టుకుని, ఇవాళ పులుసుకి ఏవి బాగుంటాయని అమ్మేవాణ్ణి అడిగారు. తను జన్మలో బెండకాయ తినలేదనీ, మీరే ఏరుకోండనీ అన్నాడతను. పాపం, మా ఆయన ఇరవై నిమిషాలు ఏరారు. ఒక్కటీ తుంచి చూడలేదు. ఫ్రాన్సులో పడ్డ తిట్లు ఇల్లినాయ్ దాకా వచ్చాయి. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. అది నాకెంత కష్టమో మావాళ్ళనడగండి.

పులుసుకి తరిగేటప్పుడే ఐదారు ముదురువని తెలిసింది. పారేస్తే చెత్తబుట్టలో ఆయన కంటబడతాయి. అందుకని ఆ ముక్కలన్నీ నా కంచంలోనే వేసుకున్నాను. ఆయన అన్నం కలపకుండా నన్నే చూస్తున్నారు.

"ఎలా ఉన్నాయి?"

నోటినిండా పీచు. నమిలి, నమిలి, మింగాను.

"లేతగా ఉన్నాయండీ."

ఆయన ఎంగిలి అని కూడా చూడకుండా నా కంచంలోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నారు. చాలాసేపు నమిలారు.

"నెక్స్ట్ వీక్ తుంచి చూస్తాలే ఉమా," అన్నారు.