జారే కప్లింగు మీద మా నాయన గుర్తు

మొన్న మధ్యాహ్నం అన్నం తిని గడప దగ్గర కూర్చుని ఉంటే నా కూతురు ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టింది. ఎక్కడో పరదేశంలో ఒక పికప్పు బండి, కిటికీలూ తలుపూ ఉన్న ఒక ఇంటినే చక్రాల మీద కూర్చోబెట్టి, వీపుకు తగిలించుకుని మలుపు తిరుగుతోంది. బండి వంకర తిరిగేకొద్దీ ఆ ఇంటి ముక్కు కింద ఉన్న ఇనుప పళ్లెం తనంతట తానే వెనక్కి జరిగింది, దారి నేరుగా కాగానే మళ్లీ ముందుకు వచ్చి తన చోట కూర్చుంది. "చూడుమా, నువ్వు తీసుకున్నది ఇట్లాంటిదే కదా" అంది నా కూతురు. నేను సరిగా చూడకుండానే ఫోను పక్కకు తోసేశాను. సాయంత్రం నేనే పిలిచి, కాగితం తెచ్చుకో, నేను చెప్తాను నువ్వు రాయి అన్నాను. సంతకం గీకడం తప్ప నాకు రాత రాదు గానీ, గుర్తుపెట్టుకోవడం మాత్రం బాగా వచ్చు.

మాది వల్లూరు, కన్నడ సీమలో ఉన్నా మా ఇళ్లలో తెలుగే. నా ఈడు వాళ్లకు ఈ నేల ఇప్పటికీ శెనక్కాయ నేలగానే కళ్లలో ఉంటుంది, ఈ అద్దాల పలకలు ఎన్ని పరిచినా సరే. వానలు ముఖం చాటేసి చాటేసి, విత్తిన గింజ కూడా తిరిగి రాని ఏళ్ల తర్వాత సోలార్ వాళ్లు వచ్చి భూములు కౌలుకు అడిగితే, అందరితో పాటు మేమూ ఇచ్చాం. భూమి ఇచ్చిన మరుసటేడే మా ఆయన గుండె పట్టుకుని కూలబడి మళ్లీ లేవలేదు. చేతిలో బడికి పోయే ఆడపిల్ల, చేయడానికి చేను లేదు, ఇంట్లో కూర్చుంటే పగలు గడవదు. కొన్నాళ్లు ఎవరెవరి దగ్గరో కూలికి పోయాను.

అప్పుడే ఒక మాట తెలిసింది. ఆ పలకల మీద దుమ్ము పడితే కరెంటు తగ్గుతుందట, అందుకని వాటిని నీళ్లతో కడగాలి, నీళ్లు వరసల మధ్యకు తోలాలి. మా చేని మీద నిలబెట్టిన పలకలకు నీళ్లు తోలే పని ఎవరికైనా ఇవ్వాలని, భూమి ఇచ్చిన వాళ్లు అడిగితే ముందు వాళ్లకేనని అక్కడి సూపర్‌వైజర్ చెప్పాడు. నేను చేని గట్టు మీద నిలబడి ఆ మాట విన్నాను. విన్నప్పుడు నా ఒళ్లంతా ఎట్లా లేచి నిలబడిందో ఇప్పుడు చెప్పలేను. మా ఆయన దున్నిన నేల మీదికి కూలిమనిషిగా కాకుండా, నా పనికి నేనే పెద్దగా మళ్లీ అడుగుపెట్టొచ్చు. నాకు కావలసింది అంతే, అంతకు మించి ఏమీ ఆశపడలేదు.

అయితే ఆ వరసల మధ్య దారి చాలా ఇరుకు. ట్రాక్టరు వెనక ట్యాంకరు తగిలిస్తే మలుపు దగ్గర దాని తోక తిరగదు. పికప్పు బండి వెనక తొట్టిలో, సరిగ్గా చక్రాల మీదికి, ఒక కప్లింగు బిగించి, నీళ్ల ట్రైలరు ముక్కును దాని మీద కూర్చోబెడితే తిరుగుతుందని చెప్పారు. కౌలు డబ్బుతో ఒక పాత పికప్పూ, ఒక నీళ్ల ట్రైలరూ కొన్నాను. తోలడానికి మా తమ్ముడు వస్తానన్నాడు.

తమ్ముడంటే నాకు ఒక్కడే. మా పుట్టిల్లు బలసముద్రం, మా నాయనకు గొర్రెల మంద ఉండేది, ఆయన పోయాక అది తమ్ముడిదైంది. వాడు పుట్టినప్పుడు అమ్మకు పాలు పడకపోతే మేకపాలు పిండి, దూది ముంచి వాడి నోట్లో పెట్టింది నేను. మంద వెనక పోయేటప్పుడు వాడు నా చంకన ఉండేవాడు, ఎండకు నా కొంగు వాడి తల మీద ఉండేది. నాయన గొర్రెపిల్లల చెవులకు గుర్తు వేసేటప్పుడు చెవి పట్టుకునేది నేను, పిల్ల అరిస్తే దాంతో పాటు ఏడ్చేది వాడు. ప్రతి మందకూ ఒక గుర్తు ఉంటుంది, పక్క మందలో కలిసిపోయినా చెవి చూసి ఎవరిదో చెప్పేస్తారు. మాది రెండు గాట్లు, పక్కన ఒక తూటు.

కప్లింగు కొనడానికి తమ్ముడూ నేనూ బస్సెక్కి హిందూపురం పోయాం. షాపతను మూడు రకాలు కింద పరిచి పెట్టాడు. దాన్ని అతను ఐదో చక్రం అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే అది చక్రం మాదిరే లేదు, మధ్యలో గాడి ఉన్న ఇనుప పళ్లెం.

"నాలుగు చక్రాల బండికి ఐదోది ఏందప్పా, అది యాడ తిరగతాది?" అన్నాను.

"తిరిగేదంతా దీని మీదే తిరగతాదమ్మా, కింద నాలుగూ ఉత్త మోసేవి" అన్నాడు అతను.

మొదటిది కదలకుండా ఒక్కచోట బిగించి ఉండేది. దాంతో పొడుగు తొట్టి బండికి ఇబ్బంది లేదు గానీ, మా బండి తొట్టి పొట్టిది, గట్టిగా మలిపితే ట్రైలరు మూల వచ్చి ముందున్న క్యాబిన్ వీపున గుద్దుతుంది. రెండోది జారేదే, కానీ మలుపు ముందర తోలేవాడు కిందికి దిగి పిడి లాగాలి. మూడోది తనే జారేది. బండి వంకర తిరిగితే అదే వెనక్కి పోతుంది, నేరుగా వస్తే అదే ముందుకు వస్తుంది. తమ్ముడు మొదటిదాని దగ్గరే నిలబడి, చాలులే అక్కా, నేను చూసి తోల్తాను కదా అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మనిషన్నాక ఒకరోజు మరిచిపోతాడు, కళ్లు మూతపడతాయి, ఆ ఒక్కరోజు చాలు పని పోవడానికి. నాకు మరిచిపోనిది కావాలి అని మూడోదాని మీద చేయి పెట్టాను.

బిగించడానికి బండిని నాలుగు రోజులు షాపులో ఉంచాలన్నాడు. వస్తువు మారిపోతుందేమోనని నాకు భయం. గుర్తు కొట్టు అన్నాను. ఏం గుర్తు అంటే, నాకు తెలిసిన గుర్తు ఒక్కటే. మా అత్తగారింట గొర్రెలు లేవు, గుర్తూ లేదు. పైన కొడితే రంగు కింద పోతుందని, పళ్లెం వెనక్కి జరిగినప్పుడు మాత్రమే బయటపడే ఇనుప పట్టీ మీద, ఉలితో రెండు గాట్లూ, తూటుకు బదులు ఒక చుక్కా కొట్టించాను. షాపతను నవ్వాడు, ఇనుముకు చెవి కుట్టించిన మనిషిని నిన్నే చూసినానమ్మా అన్నాడు. బిల్లు మీద తమ్ముడు సంతకం పెట్టాడు. చదువుకున్నవాడు వాడే కదా.

నాలుగు రోజులకు బండి తెచ్చాడు. ట్రైలరు తగిలించి, ఎర్ర రంగు వేయించి, బంతిపూల దండ వేసి ఉంది. మా వైపు కొత్త బండి పూజ ఎట్లా చేస్తారో మీకు తెలుసు. టెంకాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, తూర్పుకు నేరుగా తోలాలి, ఆ రోజంతా బండిని మలపకూడదు, వెనక్కి తిప్పకూడదు. పాత ఎద్దులబండి నాటి నుంచీ అదే ఆచారం. వాడు నిమ్మకాయల మీదుగా నేరుగా తోలుకుంటూ మంగళవాడ దారిలో చాలా దూరం పోయి అక్కడే నిలిపేశాడు. నేను వెనక నిలబడి రెండు చేతులూ జోడించాను. నేరుగా పోయే బండిలో జారే కప్లింగూ ఒకటే, జారనిదీ ఒకటే. గుర్తు బయటపడాలంటే బండి తిరగాలి. ఆ పూట మలిపి చూపించు అని అడిగే నోరు అక్కడ ఎవరికీ లేదు. ఆ సంగతి నాకంటే వాడికి బాగా తెలుసు.

మరుసటి పొద్దున పనిలోకి పోయాం. మొదటి వరస చివర వాడు బండి మలిపాడు. నేను ట్రైలరు వెనక పైపు పట్టుకుని ఉన్నాను. ధన్‌మని చప్పుడైంది, క్యాబిన్ వెనక అద్దం పగిలిపోయింది, ట్రైలరు పక్కకు ఒరిగి ఒక ఇనుప బల్ల మీద బిగించిన పలకలన్నీ నలిపేసింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, సూపర్‌వైజర్ వచ్చి ఆ పూటే నా పని ఆపేశాడు. తమ్ముడు నా భుజం పట్టుకుని నాకంటే ఎక్కువ ఏడ్చాడు.

"ఆ షాపోడు మనల్ని ముంచినాడక్కా. ఈ ఇనుము ఇంట్లో పెట్టుకోవద్దు, అరిష్టం" అని వాడే దాన్ని ఊడదీసి పాత సామాన్లవాడికి వేసేశాడు.

వారం తిరక్కముందే వాడు గొర్రెలమ్మి కొన్న ఇంకో పికప్పు వచ్చింది, దాని వెనక ఇంకో ట్రైలరు వచ్చింది, నా పని వాడికి పోయింది. పని మనింట్లోనే ఉండాదిలే అక్కా, నువ్వు కడిగేవాళ్లతో రా అన్నాడు. చెప్తే మీరు నవ్వుతారు, నేను వాడికి దండం పెట్టాను. ఏడాది పాటు వాడి బండి వెనక, నా చేనిలో, పొడుగు కర్రకు గుడ్డ కట్టి పలకలు తుడిచాను. ఏడాది పాటు, ఏ పాపమూ తెలియని ఆ షాపతన్ని రోజూ తిట్టుకున్నాను. బండి ఎప్పుడూ మాకంటే ముందు ఉండేది. అది వరస చివర తిరిగేటప్పటికి మేము ఇంకా నడుమనే తుడుస్తూ ఉండేవాళ్లం.

ఒకరోజు నాలుక పిడచకట్టుకుపోయి, నీళ్లకని బండి వెంట చివరిదాకా నడిచాను. వాడు మలిపాడు. పళ్లెం మెల్లగా వెనక్కి జారింది. దాని కింద నుంచి పట్టీ బయటికి వచ్చింది. రెండు గాట్లు, ఒక చుక్క.

నాకు కోపం వెంటనే రాలేదు. ముందు సిగ్గొచ్చింది, ఎవరో నా కొంగు లాగినట్టు. షాపతను బిగించినదాన్ని వాడు దాచుకుని, నా బండికి జారనిదాన్ని తగిలించి తెచ్చాడు.

"ఏమిరా, నా గుర్తు నీ బండి మీద ఎట్లొచ్చింది?" అన్నాను.

వాడు బండి ఆపాడు, దిగలేదు. "నీ గుర్తేంది అక్కా? అది నాయన గుర్తు. మంద నాది, గుర్తూ నాదే" అన్నాడు. గొంతు కూడా పెంచలేదు. ముందే సిద్ధం చేసుకున్న మాట అని ఆ గొంతులోనే తెలిసింది.

సూపర్‌వైజర్‌కు చెప్తే, అది మీ ఇంటి విషయం అని కన్నడలో అనేసి వెళ్లిపోయాడు. బలసముద్రం పోయి నేనే పెద్దమనుషులను పిలిపించాను. వాడు బెదరలేదు. అందరి ముందూ బండిని తనే మలిపి, పట్టీ బయటపడేటట్టు నిలబెట్టి, "బాగా చూడండప్పా, దగ్గరికొచ్చి చూడండి" అన్నాడు. ముసలాయన ఒకాయన వంగి, వేలితో తడిమి చూశాడు.

"ఇది మీ తమ్ముని మంద గుర్తే కదమ్మా. ఊర్లో పసిబిడ్డనడిగినా చెప్తాది" అన్నాడు.

"కొట్టించింది నేను మామా!"

"నీదైతే నీ మొగుని గుర్తు కొట్టిస్తావు గానీ, పుట్టింటిది ఎందుకు కొట్టిస్తావు?"

బిల్లు మీద వాడి పేరు ఉంది, ఇనుము మీద వాడి గుర్తు ఉంది, ఇక హిందూపురం పోయి షాపతన్ని అడుగుదామని ఎవరూ అనలేదు. పెళ్లయి గడప దాటిన రోజే ఆ గుర్తు నాది కాకుండా పోయిందని అక్కడ నాకు తప్ప అందరికీ తెలుసు. నాయన కత్తి పట్టుకుంటే చెవి పట్టుకున్న చేతులు నావే, ఆ నెత్తురు ఆరింది నా చేతుల మీదే, అయినా అది నాదని చెప్పడానికి అక్కడ ఒక్క నోరు లేవలేదు. ఎవరో వెనక నుంచి, తోడబుట్టిన వాని మీద నింద మోపుతుందా అన్నారు. వాడు మాత్రం నన్ను వారించినట్టు చేయి ఊపి, పోనీలే, మా అక్క కదా అన్నాడు. వాడు చేసిన దొంగతనం కంటే ఆ జాలి నన్ను ఎక్కువ కాల్చింది.

మరుసటి రోజు నుంచి వాడి బండి వెనక పోలేదు. ఇంకో కంపెనీ పలకల కింద గడ్డి కోసే పనిలో చేరాను, ఇప్పటికీ అదే చేస్తున్నాను. మా చేని వైపు చూడకుండా ఆ దారిన పోవడం అలవాటు చేసుకున్నాను. వాడి కూతురి పెళ్లికి కబురు వచ్చింది, నేను పోలేదు. వాడు దారిలో ఎదురైతే బండి నిదానం చేస్తాడు, నేను అవతలి పక్కకు చూస్తాను.

మా చిన్నప్పుడు కూడా మోసాలు లేకపోలేదు. గట్టు జరిపిన అన్నలు ఉన్నారు, మాట తప్పిన తమ్ముళ్లు ఉన్నారు. కానీ శెనక్కాయ చెట్లు పీకే కాలం వచ్చిందంటే ఎవరి చేనికి వాళ్లు చాలేవాళ్లు కాదు. వాన పడితే కాయ మొలకెత్తిపోతుందని, మాటలు లేని వాళ్లు కూడా ఒకరి చేనికి ఒకరు పరిగెత్తి రావాల్సిందే, ఒకే కుప్ప చుట్టూ కూర్చుని కాయలు తెంపాల్సిందే. మొదట ముఖాలు తిప్పుకునేవాళ్లు, తర్వాత నీళ్ల చెంబు అందించేవాళ్లు, కుప్ప తరిగేకొద్దీ తిట్టుకునేవాళ్లు, ఏడ్చేవాళ్లు, కుప్ప అయిపోయేసరికి ఎట్లాగో మళ్లీ మాట కలిసేది. తప్పు చేసినవాడు తప్పు ఒప్పుకోవడానికి కూడా అదొక చోటు. ఇప్పుడు ఈ నేలలో పంటకు చేతులు అక్కర్లేదు. ఎండ తనే వస్తుంది, తనే కరెంటు అవుతుంది, ఎవరూ ఎవరి చేనికీ పరిగెత్తి రానక్కర్లేదు. నా తమ్ముడు ఏ రోజైనా, తప్పు చేశానక్కా అని చెప్పాలనుకున్నా, వచ్చి నా ఎదురుగా ఎక్కడ కూర్చుంటాడో నాకు తెలియదు.