చెంపకు ఆనించిన సెల్లు

1978లో పటమటలో మా పక్క వాటాలో ఉన్న రేడియో మెకానిక్, ఏడాది శ్రమించి, నేల మీద నుంచి రేడియోతో నడిపే చిన్న బ్యాటరీ విమానాన్ని తయారుచేశారు. ఛార్జి చేసిన ప్రతి బ్యాటరీ సెల్లునూ చెంపకు ఆనించి వేడి చూడటం ఆయన అలవాటు. లెక్కల మాస్టారునైన నాకు వోల్టు మీటరు అంకె మీదే నమ్మకం.

ఒకసారి పూర్తిగా అడుగంటిన సెల్లును మళ్లీ ఛార్జి చేశారు.

"మిగతావాటికన్నా కాలుతోందండీ. దీన్ని నమ్మలేం," అన్నారు.

"మీటరు నిండుగా 1.3 వోల్టులు చూపిస్తుంటే మీ చెంపకేం తెలుస్తుందండీ?" అని నవ్వాను.

మొహమాటానికి దాన్నే విమానంలో బిగించారు. కృష్ణ ఇసుకతిన్నెల మీద విమానం రెండు నిమిషాలు ఎగిరింది. మోటారు ఆగి కూలింది, రెక్కలు విరిగాయి.

ఆయన ఆ సెల్లును ఊడదీసి నా చెంపకు ఆనించారు. చురుక్కుమంది.

"ఇప్పుడు అంకె చూడండి, మాస్టారూ."

మీటరు నా సంచిలోనే ఉంది. తీయలేదు.